విదేశాల నుంచి హైదరాబాద్ వచ్చి పాత కారు కొన్నవారికి: ఇంజిన్ ఆయిల్, మెయింటెనెన్స్ సూచనలు

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చి హైదరాబాద్‌లో కాపురం పెట్టేవాళ్లు చాలామంది మొదట సెకండ్ హ్యాండ్ కారే కొంటారు. లక్ష, లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన స్విఫ్టో, ఐ20నో, ఇన్నోవానో. సరిగ్గా చూసుకుంటే ఆ బళ్లు ఇంకో లక్ష తిరుగుతాయి. అయితే అక్కడ పదివేల మైళ్లకోసారి ఆయిల్ మార్చిన అలవాటును మాత్రం ఇక్కడికి తెచ్చుకోకండి.

ఎందుకంటే ఇక్కడి ట్రాఫిక్‌లో మీటరు కదలకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ పోయి వచ్చే బండి సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లనుకుందాం. పదివేల కిలోమీటర్లయ్యేసరికి ఇంజిన్ 500 గంటలు పనిచేసినట్టు. అదే హైవే మీద 60 సగటుతో పోతే 170 గంటలు కూడా పట్టదు. పైగా సిగ్నళ్ల దగ్గర గాలి తగలదు, ఎండాకాలంలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఆయిల్ చిక్కబడి మడ్డి కడుతుంది. అందుకే లక్ష దాటిన బండికి సిటీలో 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందొస్తే అప్పుడు మార్చేయండి. మంచి సింథటిక్ అయితే 7,500 వరకు ఆగొచ్చు.

ఇక గ్రేడ్, అంటే డబ్బా మీద ఆయిల్ చిక్కదనం చెప్పే అంకెలు. 5డబ్ల్యూ-30లో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, రెండోది వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. చలికాలంలో కూడా పది డిగ్రీల దగ్గర ఆగే మన ఊరికి 0డబ్ల్యూ తప్పనిసరేమీ కాదు. మనం చూడాల్సింది రెండో అంకె. 5డబ్ల్యూ-30 వాడే ఇంజిన్‌లో ఆయిల్ తొందరగా తగ్గిపోవడం మొదలైతే, మాన్యువల్‌లోని పట్టిక ఒప్పుకుంటే 5డబ్ల్యూ-40కో 10డబ్ల్యూ-40కో మారొచ్చు. అంతకుమించి పోవద్దు. ‘బండి పాతదైంది, చిక్కటిది పోద్దాం’ అంటూ షెడ్డులో 20డబ్ల్యూ-50 తీస్తారు. వాల్వులు తెరుచుకునే సమయం (వాల్వ్ టైమింగ్) మారే ఇంజిన్లలో ఆయిల్ దారులు సన్నగా ఉంటాయి. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అంత చిక్కటి ఆయిల్ పైదాకా చేరడానికి ఆలస్యమవుతుంది, అరుగుదల ఎక్కువ జరిగేదీ ఆ కాసేపట్లోనే.

అక్కడ 75,000 మైళ్లు దాటిన బళ్లకు ‘హై మైలేజ్’ అని రాసిన డబ్బాలు కొనేవారు కదా, అవి ఇక్కడ అన్ని షాపుల్లో దొరకవు. వాటిలో ఎండిపోయిన రబ్బరు సీళ్లను కొద్దిగా ఉబ్బించి మెత్తబరిచే రసాయనాలుంటాయి. సన్నగా చెమర్చే లీకేజీకి పనిచేస్తాయి. చిరిగిన సీలుకు ఏ ఆయిలూ మందు కాదు. ఇంజిన్ పైమూత (టాపెట్ కవర్) దగ్గర కారుతుంటే ప్యాకింగ్ మార్చడమే సులువు, చవక.

బండి కొన్న రోజు నుంచే వెయ్యి కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గేజ్ కడ్డీ) చూడండి. చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపేశాక పది నిమిషాలాగి, తుడిచి మళ్లీ పెట్టి తీయాలి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా లీటరు దాకా ఉంటుంది. వెయ్యికి పావు లీటరు తగ్గితే పాత బండికి అది మామూలే, పోసుకుంటూ నడపొచ్చు. అర లీటరు దాటితే కారణం వెతకాలి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అర్థం, ఇంజిన్ దించకుండానే మార్చొచ్చు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలం పొగే అయితే పిస్టన్ రింగుల మీద అనుమానం. ‘బోర్‌కొచ్చింది’ (సిలిండర్ అరిగింది) అన్న మాట వినగానే ఇంజిన్ విప్పడానికి ఒప్పుకోకండి. ముందు ఇంజిన్ లోపలి ఆవిర్లను లాగేసే పీసీవీ వాల్వ్ పూడుకుపోయిందేమో చూడమనండి, అది చిన్న ఖర్చు. తర్వాత, పెట్రోల్ బండైతే, కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం. తక్కువ చూపిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

పాత సర్వీస్ రికార్డు లేని ఇంజిన్‌కు ఫ్లష్ (రసాయనం పోసి లోపల కడగడం) చేయించడం ప్రమాదం. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి పెచ్చులుగా ఊడి, చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఉన్న జాలీకి అడ్డుపడితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. దానికి బదులు మొదటి రెండు ఆయిల్ మార్పులూ 2,500 కిలోమీటర్లకే చేయించండి, ప్రతిసారీ ఫిల్టర్‌తో సహా. మడ్డి నెమ్మదిగా కరిగి పోతుంది.

ఆయిల్ మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. ఇక్కడ అదేమీ తప్పు కాదు. ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా చాంబర్ బోల్టు విప్పి, ధార ఆగాక కూడా చుక్కలు పడేంతసేపు ఓ పది, పదిహేను నిమిషాలు వదిలేయాలి. "అన్నా, వాషర్ కొత్తదెయ్యి" అని అడగండి, పాత వాషరే బిగిస్తే అక్కడే కారడం మొదలవుతుంది. ఫిల్టర్ రబ్బరుకు కొత్త ఆయిల్ రాసి, తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు, పానాతో బిగించక్కర్లేదు. ఎక్కువ తేడా వచ్చేది పోసేటప్పుడే. చాలా చిన్న పెట్రోల్ కార్లకు మూడు లీటర్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది, డబ్బా మాత్రం మూడున్నర లీటర్లది. మిగిల్చడం ఎందుకని మొత్తం వంపేస్తారు. పై గీత బాగా దాటితే లోపల తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ప్రెషర్ తగ్గుతుంది, సీళ్లు తోసుకుంటాయి. 200 మిల్లీలీటర్లు తక్కువ పోసి, నిమిషం స్టార్ట్ చేసి ఆపి, పది నిమిషాలాగి, గేజ్ చూసి మిగతాది పోయాలి.

డ్రమ్ములోంచి పోసే లూజ్ ఆయిల్ జోలికి పోవద్దు. రాణిగంజ్, పుత్లీబౌలి లాంటి స్పేర్ పార్టుల బజార్లలో కొన్నా బిల్లుతో, సీలున్న డబ్బాయే తీసుకోండి. తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చెరిపినట్టుంటే వదిలేయండి. ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో చిల్లు పెట్టి మరీ రండి, డూప్లికేట్ ఆయిల్ మళ్లీ అలాంటి డబ్బాల్లోనే అమ్ముడుపోతుంది.

కూలెంట్ సంగతీ అంతే ముఖ్యం. రేడియేటర్‌లో అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో సగంసగం కలిపిన కూలెంటే వాడాలి. బండి వేడెక్కుతోందంటే కొందరు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) పీకేస్తారు. అప్పటికి టెంపరేచర్ సూది దిగినట్టే ఉంటుంది కానీ, ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ నిలిచి మళ్లీ మడ్డే. కొన్న బండికి థర్మోస్టాట్ ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండైతే డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. దానికి మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద ఆయిలే, ఉదాహరణకు ఏసీఈఏ సీ3 (యూరప్ ఆయిల్ ప్రమాణం) అని రాసినది, పోయాలి. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే ఫిల్టర్ బూడిదతో నిండుతుంది, అది కాలి పోయేది కాదు. మసి కాలాలంటే రెండు వారాలకోసారి ఔటర్ రింగ్ రోడ్డెక్కి, 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా ఇరవై నిమిషాలు ఆగకుండా నడపండి. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరుగుతుంటే సంతోషించకండి. ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందన్నమాట, వెంటనే మార్చాలి.

చివరిగా టైమింగ్, అంటే క్రాంక్ షాఫ్ట్‌తో పాటు వాల్వులను తెరిచే షాఫ్ట్‌నూ తిప్పే చైన్ లేదా బెల్టు. స్విఫ్ట్ 1.2 పెట్రోల్‌కూ 1.3 డీజిల్‌కూ చైన్. దాన్ని బిగించి ఉంచేది ఆయిల్ ప్రెషరే కాబట్టి, పొద్దున రెండు మూడు సెకన్లు గలగలమంటే ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చి చూడండి, అప్పటికీ తగ్గకపోతే చైన్, దాన్ని బిగించే టెన్షనర్ విప్పించాలి. పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కు బెల్టు. అది ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని, బండి కొన్న వారంలోనే టెన్షనర్‌తో సహా వేయించండి.