16 ప్రయోగాల్లో ముఖ్యమైన ప్రభావాలను గుర్తించే చిట్కా
ఉష్ణోగ్రత, పీడనం వంటి 4 కారకాలను రెండేసి స్థాయిల్లో మారుస్తూ, ఏ కలయికనూ రెండోసారి చేయకుండా 16 ప్రయోగాలతో సరిపెట్టినప్పుడు విడి కారకాలవీ, వాటి కలయికలవీ కలిపి 15 ప్రభావాల అంచనాలు దక్కుతాయి గానీ, వాటిని తూచడానికి దోషపు కొలత, అంటే యాదృచ్ఛికంగా వచ్చే తేడాల కొలత, మిగలదు. అలాంటప్పుడు 1989లో గణాంక శాస్త్రవేత్త లెంత్ ప్రతిపాదించిన పద్ధతి ఎంతో ఆదుకుంటుంది. ధన, ఋణ గుర్తులను పక్కనపెట్టి 15 విలువలనూ వరుసలో పేర్చి, నడుమనున్న 8వ విలువను 1.5తో గుణించండి, అది 2 అయితే 3 వస్తుంది. దానికి 2.5 రెట్లు, అంటే 7.5కు చేరినవాటిని, దాటినవాటిని తీసేసి, మిగిలినవాటి మధ్యగతాన్ని (నడిమి విలువను) మళ్లీ 1.5తో గుణిస్తే దోషపు అంచనా దొరుకుతుంది. దానికి సుమారు 2.57 రెట్లు దాటిన ప్రభావాన్ని ముఖ్యమైనదిగా పరిగణించవచ్చు. అయితే ఒకేసారి 15 ప్రభావాలను పరీక్షిస్తున్నాం కనుక, ఆ గీతను కొద్దిగా మాత్రమే దాటినదాన్ని నమ్మి యంత్రపు అమరికను మార్చేముందు, ఆ కారకపు రెండు స్థాయిల్లోనూ మరికొన్ని ప్రయోగాలు తప్పక చేయించండి.