పెద్ద ప్రభుత్వ సంస్థలో లైంగిక వేధింపులు, వివక్షపై ప్రచారం ఎలా మొదలుపెట్టాలి?

వేలమంది పనిచేసే చోట వేధింపుల సంగతి ఎవరికీ తెలియక కాదు. "ఆయన గదికి ఒక్కదానివే వెళ్లకు" అని కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్లు చెవిలో చెబుతూనే ఉంటారు. ఆ గుసగుసను కాగితం మీదికి తేవడమే అసలు పని.

1. ముందు నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లండి. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లుంటే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చూడండి. ఒకరు రిటైరై ఉండొచ్చు, ఇంకొకరికి బదిలీ అయి ఉండొచ్చు, మూడో నంబరు అసలు మోగకపోవచ్చు. ఆ కమిటీని సరిచేయాలన్నదే మీ మొదటి డిమాండు. ఎవరి మీదా ఆరోపణ చెయ్యక్కర్లేదు కాబట్టి అధికారులు కాదనడం కష్టం.

2. ఐదారుగురు చాలు, కానీ అందరూ ఒకే సెక్షన్ వాళ్లైతే లాభం లేదు. నైట్ షిఫ్టు వాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, కాంట్రాక్టు సిబ్బంది ఉండాలి. కాంట్రాక్టు రెన్యువల్ సూపర్‌వైజర్ చేతిలో ఉన్నవాళ్లు నోరు విప్పలేరు. అందుకే వినతిపత్రం మీద సంతకాలు పర్మనెంటు ఉద్యోగులు పెట్టాలి.

3. పేర్లు లేకుండా సర్వే చేయండి. "మిమ్మల్ని వేధించారా?" అని అడిగితే చాలామంది లేదనే రాస్తారు. "డ్యూటీ అయ్యాక పనికి సంబంధం లేని మెసేజ్‌లు వచ్చాయా? బట్టలు మార్చుకునే గదికి లోపల గడియ ఉందా? ప్రసూతి సెలవు తర్వాత మీ పాత పని మీకే ఇచ్చారా?" అని జరిగినదాని గురించే అడగండి. ఒక జాగ్రత్త: ముగ్గురే మహిళలున్న సెక్షన్ లెక్కను విడిగా బయటపెట్టొద్దు. ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది.

4. "అది ఆఫీసు బయట జరిగింది కదా" అనే మాట తప్పకుండా వస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒడంబడిక రాకపోకలను, పని మీద వెళ్లే ప్రయాణాలను, ఫోన్ మెసేజ్‌లను కూడా పని పరిధిలోకే తెచ్చింది. ఒక్కసారి జరిగినా వేధింపేనంది. మీ దేశం దాన్ని ఆమోదించిందో లేదో, అక్కడి చట్టం ఏమంటుందో ముందే చూసుకోండి.

5. డిమాండ్లు మూడు నాలుగుకు మించొద్దు, ప్రతిదానికీ గడువు తేదీ ఉండాలి. వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని కాగితం ఏ బీరువాలో పడిందో ఎవరూ చెప్పరు.

6. ఫిర్యాదు చేసినవాళ్ల కథ ప్రచారానికి సరుకు కాదు. వాళ్లు స్పష్టంగా సరేనంటేనే బయట మాట్లాడండి. మనసు మార్చుకుంటే అక్కడితో ఆపేయండి, టెన్షన్ పడేది వాళ్లే కదా. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి పేరు పోస్టర్ల మీద వేయొద్దు. విచారణ దెబ్బతింటుంది, పరువు నష్టం కేసు మీ మీదికే రావచ్చు.

ఫిర్యాదు తర్వాత ఆర్నెల్లు కళ్లు తెరుచుకుని ఉండండి. కక్ష డ్యూటీ చార్టులో, సెలవు మంజూరులో, బదిలీ ఆర్డర్లలో బయటపడుతుంది. ఫిర్యాదు తేదీ, ఆర్డరు తేదీ పక్కపక్కన రాసి ఒక కాపీ కమిటీకి, ఒకటి యూనియన్‌కు ఇవ్వండి. మూడోది మీ ఇంట్లో దాచండి.