వెబ్‌సైట్ లైవ్ చేసే ముందు ప్రైవసీ పాలసీ జాగ్రత్తలు

వరంగల్ కొత్తవాడ దర్రీలు (నేతపరుపు తివాచీలు) అమ్మే సైటైనా, హన్మకొండ కోచింగ్ సెంటర్ సైటైనా ఇవి చూసుకోండి.

ముందు ఫారం తెరవండి. పేరు, ఫోన్, అడ్రస్, పిన్‌కోడ్ ఉంటే దర్రీ ఇంటికి చేరుతుంది. మరి ఆధార్ గడి ఎందుకు? తీసేయండి. మిగిలిన ప్రతి గడి గురించీ ప్రైవసీ పాలసీలో, అంటే జనం వివరాలతో మీరేం చేస్తారో చెప్పే పేజీలో, రాయాలి: ఎందుకు తీసుకుంటున్నారు, కొరియర్‌కో పేమెంట్ గేట్‌వేకో (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థ) ఇస్తారా, ఎన్నాళ్లు దాస్తారు.

వేరే సైట్ పాలసీ కాపీ కొట్టొద్దు. అవతలి కంపెనీ ఈమెయిల్ అట్లనే ఉండిపోతుంది, సైట్‌కు ఎవరెవరు వస్తున్నారో లెక్కగట్టడానికి మీరు వాడే గూగుల్ అనలిటిక్స్ ఊసే ఉండదు. పాలసీ పెట్టాలని అనలిటిక్స్ షరతుల్లోనే ఉంది.

ఆర్డర్లు పడే గూగుల్ షీట్ షేరింగ్ చూడండి. లింక్ ఉన్న ఎవరికైనా తెరుచుకుంటుంటే వెంటనే మూసేయండి. ‘మీ వివరాలు భద్రం’ అని రాసి షీట్ బార్లా తెరిస్తే ఆ రాతే మెడకు చుట్టుకుంటుంది. 2023 డేటా రక్షణ చట్టంలో భద్రతా లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు అదే చట్టం తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. కోచింగ్ వాళ్లు ఇక్కడే తప్పుతారు.

సమ్మతి పెట్టెలో టిక్ ముందే కొట్టి ఉంచొద్దు. పాలసీ లింక్ ఫుటర్‌తో (పేజీ అడుగు భాగం) పాటు ఫారం కింద కూడా ఉండాలి, తెలుగులో. ఫిర్యాదుకు ఇచ్చిన నంబర్‌కు ఒకసారి ఫోన్ చేసి చూడండి, ఎవరైనా ఎత్తుతారో లేదో.