లిబ్రేఆఫీస్‌లో తెలుగు తప్పుగా కనిపిస్తే: పనికొచ్చే బగ్ రిపోర్టు రాసే పద్ధతి

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజంలో పాలుపంచుకోవాలంటే ముందు ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలని చాలామంది అనుకుంటారు. అందువల్లే రోజూ తెలుగులో టైపు చేస్తూ లోపాలను అందరికంటే ముందు గమనించేవారు ఆ సమాజానికి దూరంగా ఉండిపోతున్నారు. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడివడి, డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ ఆధ్వర్యంలో సాగుతున్న, ఉత్తరాలూ లెక్కల పట్టికలూ తయారుచేసుకునే లిబ్రేఆఫీస్‌నే తీసుకుందాం. తెలుగు చదవడం రాని డెవలపరుకు ఒత్తు సరైన చోట పడిందో లేదో తెరను చూసి చెప్పడం సాధ్యం కాదు. ఆ పని తెలుగు పాఠకులే చేయాలి. అయితే ‘తెలుగు సరిగ్గా రావడం లేదు’ అన్న ఒక్క వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు కనుక, రిపోర్టు రాసే ముందు చేయవలసిన పరిశీలనకే ఎక్కువ సమయం కేటాయించాలి.

మొదట అది నిజంగా బగ్గేనా, అంటే సాఫ్ట్‌వేర్ లోపమేనా అని చూసుకోవాలి. తెలుగు డీటీపీలో ఏళ్లుగా వాడుకలో ఉన్న అను ఫాంట్లతో చేసిన పాత ఫైలు తెరిచినప్పుడు గజిబిజి అక్షరాలు కనిపిస్తే, ఆ పాఠ్యం యూనికోడ్‌లో (ప్రతి భాష అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే ప్రపంచ ప్రమాణంలో) లేదని అర్థం. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలే తప్ప రిపోర్టు చేయడం వల్ల ప్రయోజనం లేదు. అలాగే లిబ్రేఆఫీస్ తెలుగును సంక్లిష్ట లిపుల వర్గంలో ఉంచి, ఆ వర్గానికి ఫాంటునూ పరిమాణాన్నీ వేరుగా గుర్తుపెట్టుకుంటుంది. స్టైల్‌లో పాశ్చాత్య లిపుల ఫాంటు మాత్రమే మార్చి, తెలుగు అక్షరాలు మారలేదని ఫిర్యాదు చేసేవారు ఈ సంగతి తెలియనివారే. (ఈ ఏర్పాటు కొత్తవారికి అయోమయంగా ఉంటుందన్న మాట వాస్తవమే.) ఇక ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదాల్లో పొల్లు నిలబడడానికి కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం కావాలి. అది లేకపోతే తరువాతి అక్షరం ఒత్తుగా మారిపోతుంది, అది యూనికోడ్ ప్రకారం సరైన ప్రవర్తనే. అనుమానం ఉన్న అక్షరానికి వెంటనే తరువాత కర్సర్ ఉంచి ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కితే దాని యూనికోడ్ సంఖ్య కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే అక్షరం తిరిగి వస్తుంది.

లోపం నిజమైనదేనని తేలాక, అది ఎక్కడ ఉందో వెతకాలి. తెలుగు అక్షరం తెరమీదికి రావడంలో మూడింటికి పాత్ర ఉంది: గుణింతాలూ ఒత్తులూ ఎలా అమరాలో నియమాలు దాచుకున్న ఫాంటు, ఆ నియమాలను అమలు చేసే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్, ఫలితాన్ని పేజీలో పరిచే లిబ్రేఆఫీస్. అదే పదాన్ని నోటో, లోహిత్, పోతన వంటి రెండు మూడు ఫాంట్లలో పెట్టి చూడాలి. ఒక్క ఫాంటులోనే తప్పు వస్తే లోపం చాలావరకు ఆ ఫాంటుదే, కనుక రిపోర్టు ఆ ఫాంటు తయారీదారులకు వెళ్లాలి. అన్ని ఫాంట్లలోనూ తప్పు వస్తే అదే ఫాంటుతో, అదే పదాన్ని ఫైర్‌ఫాక్స్‌లో చూడాలి. ఫైర్‌ఫాక్స్ కూడా హార్ఫ్‌బజ్‌నే వాడుతుంది కాబట్టి, అక్కడ సరిగ్గా ఉండి ఇక్కడ తప్పితే అనుమానం లిబ్రేఆఫీస్ మీదికే మళ్లుతుంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా పంపిన రిపోర్టులు ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకు చేతులు మారుతూ నెలల తరబడి నలుగుతాయి.

ఆ తరువాత, వీలైతే తాజా విడుదలలో అదే పని మళ్లీ చేసి చూడాలి. ఏటా రెండు పెద్ద విడుదలలు వస్తాయి కనుక, డెబియన్ వంటి లినక్స్ పంపిణీల్లో ఉన్న పాత ప్రతిలోని లోపం ఈపాటికే సరై ఉండవచ్చు. హెల్ప్ మెనూలో ఉన్న సేఫ్ మోడ్‌లో తెరిచి కూడా చూస్తే, పాడైన సొంత అమరికల వల్ల వచ్చిన చిక్కులు విడిపోతాయి. అప్పటికీ లోపం కనిపిస్తే డాక్యుమెంట్ ఫౌండేషన్ వారు లోపాలను నమోదు చేసే బగ్‌జిల్లా అనే వెబ్‌సైటులో ఇదివరకే ఎవరైనా రాశారేమో వెతకాలి. ఉంటే కొత్తది తెరవకుండా, మీ వెర్షన్‌నూ మీకు దొరికిన అదనపు ఆధారాన్నీ అక్కడే చేర్చాలి. ‘నాకూ ఇదే సమస్య’ అని మాత్రమే రాస్తే ఆ బగ్‌ను అనుసరిస్తున్న వారందరికీ ఒక ఈమెయిల్ వెళ్లడం తప్ప మరో ఫలితం ఉండదు.

రిపోర్టు ఇంగ్లీషులో రాయాలి, కానీ అలంకారంగా రాయనక్కరలేదు. శీర్షికలో ఏ అక్షరం, ఏ సందర్భంలో, ఏమవుతోందో ఉండాలి. కింద ఏమేమి నొక్కితే లోపం కనిపిస్తుందో వరుసగా చెప్పి, ఏమి కనిపించాలో, ఏమి కనిపిస్తోందో విడివిడిగా రాయాలి. ఎబౌట్ కిటికీలో వెర్షన్ వివరాలను కాపీ చేసే బొత్తాం ఉంది, ఆ వివరాలను యథాతథంగా అతికించాలి. తెరచిత్రం ఒక్కటే సరిపోదు. ఒకటి రెండు పదాలున్న చిన్న ఫైలును జతచేసి, తెలుగు రాని పాఠకుడి కోసం సరైన రూపం బొమ్మను తప్పు రూపం పక్కన పెట్టాలి. జతచేసిన ఫైలును ప్రపంచమంతా చూడగలదు కాబట్టి, ఆఫీసు ఉత్తరాన్నో ఇంటి దస్తావేజునో ఉన్నదున్నట్టు పంపకూడదు. రెండు లోపాలు కనిపిస్తే రెండు రిపోర్టులు రాయాలి.

పంపిన రిపోర్టు మొదట ధ్రువీకరణ కాని స్థితిలో ఉంటుంది, వేరొకరు తమ కంప్యూటరులో అదే లోపాన్ని చూసినప్పుడు ‘న్యూ’ అవుతుంది. ‘నీడ్‌ఇన్ఫో’ అని మారితే మీ జవాబు కోసం ఆగారని అర్థం, ఎక్కువ కాలం పలకకపోతే మూసేస్తారు. పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదానిలో చెడిందని మీకు తెలిస్తే ఆ మాట తప్పక రాయండి. అలాంటి లోపాల కోసం పాత బిల్డులను (కోడ్ నుంచి తయారైన, నడపదగిన ప్రతులను) వరుసగా దాచిన బైబిసెక్ట్ భాండారాలు ఉన్నాయి; ప్రతిసారీ మధ్య బిల్డును పరీక్షిస్తూ పోతే వెయ్యి బిల్డులున్నా సుమారు పది పరీక్షల్లో తప్పు ఏ మార్పుతో మొదలైందో పట్టుకోవచ్చు. దీనికి సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాష రానక్కరలేదు, ఓపిక ఉంటే చాలు. ఇంత చేసి ఇచ్చిన రిపోర్టును డెవలపర్లు ఇష్టంగా అందుకుంటారు.

రెండో అడుగుగా ఇతరులు రాసిన, ధ్రువీకరణ కాని తెలుగు బగ్‌లను మీ కంప్యూటరులో సరిచూడవచ్చు. కోడ్ రాయాలనిపిస్తే కొత్తవారి కోసం గుర్తుపెట్టిన ‘ఈజీ హ్యాక్స్’లో ఒకటి ఎంచుకోవచ్చు. ఆ మార్పులను గెరిట్ అనే వ్యవస్థలో సమీక్షకు పెడతారు. మీ కోడ్‌ను ప్రాజెక్టు లైసెన్సుల కింద ఇస్తున్నట్టు డెవలపర్ల మెయిలింగ్ జాబితాకు ఒకసారి ఈమెయిల్ ద్వారా తెలియజేయడం అక్కడి నియమం, మొదటి కోడ్ మార్పుతోపాటే ఆ పనీ ముగించుకోవడం మంచిది.