విజువల్ స్టూడియోలోనే లైనక్స్ బిల్డ్

విండోస్‌లో చక్కగా కంపైల్ అయిన సీ++ కోడ్ లైనక్స్ సర్వర్‌కి పంపాక ఎర్రర్లు కక్కడం, మళ్లీ సవరించి పంపడం... నాకు రోజూ ఇదే టెన్షన్. ఇప్పుడు పంపేముందే లైనక్స్ బిల్డ్ చేసేస్తున్నాను.

లైనక్స్ సీ++ వర్క్‌లోడ్ (అదనపు భాగం) కూడా ఇన్‌స్టాల్ చేసిన విజువల్ స్టూడియో 2022, సీమేక్ (బిల్డ్ ఎలా చేయాలో చెప్పే టూల్) ప్రాజెక్టు ఉంటే చాలు. డబ్ల్యూఎస్ఎల్ 2లో (విండోస్‌లోనే లైనక్స్ నడిపే సదుపాయం) ఉబుంటు అనే లైనక్స్ పెట్టుకుని, అందులో ఆప్ట్ ఇన్‌స్టాల్ కమాండ్‌తో ఈ ఆరూ ఎక్కించండి: జీ++, జీడీబీ, మేక్, నింజా-బిల్డ్, ఆర్‌సింక్, జిప్. ఆర్‌సింక్ మరిచిపోకండి, సోర్స్ ఫైళ్లను ఉబుంటులోకి కాపీ చేసేది అదే. తర్వాత విజువల్ స్టూడియో సీమేక్ ఆప్షన్లలో ప్రీసెట్స్ (ముందే రాసిపెట్టిన బిల్డ్ సెట్టింగులు) ఆన్ చేసి ఫోల్డర్ మళ్లీ తెరవండి. పైన టూల్‌బార్‌లో టార్గెట్ సిస్టమ్ దగ్గర ఉబుంటు, పక్కన లైనక్స్ డీబగ్ ప్రీసెట్ ఎంచుకుని బిల్డ్ కొట్టండి. డీబగ్ చేసేటప్పుడు బ్రేక్‌పాయింట్ పెట్టిన లైన్ల దగ్గర ప్రోగ్రామ్ కూడా మామూలుగానే ఆగుతుంది.

మొదటిసారే నా తప్పు దొరికింది. హెడర్ ఫైల్ పేరు చిన్న అక్షరంతో ఉంది, ఇన్‌క్లూడ్ లైన్లో పెద్ద అక్షరంతో రాశాను. విండోస్ పట్టించుకోలేదు, లైనక్స్ ఊరుకోలేదు.

ఒక్కటి చూసుకోండి: కోడ్ నేరుగా విండోస్ హెడర్‌ను వాడుకుంటుంటే ఇది పనిచేయదు. ఆ భాగాన్ని ముందు ఇఫ్‌డెఫ్‌తో (విండోస్‌లో మాత్రమే కంపైల్ అయ్యేలా పెట్టే షరతు) వేరు చేయాలి.