ఆన్‌లైన్‌లో మందులు తెప్పించుకునేటప్పుడు చూసుకోవలసినవి

కవిటి, సోంపేట పరిసరాల్లో బీపీ, షుగరు మాత్రలను ఇప్పుడు చాలామంది ఫోనులోనే తెప్పించుకుంటున్నారు. రాయితీ కోసం అలా కొనడంలో తప్పు లేదు గానీ, అమ్మేవారు ఎవరో తెలుసుకోకుండా డబ్బు కట్టకూడదు. 1940 నాటి ఔషధ చట్టం ప్రకారం మందులు అమ్మేవారికి లైసెన్సు ఉండి తీరాలి కనుక, యాప్‌లో కొన్నా బిల్లు మీద ఏదో ఒక మందుల షాపు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు కనిపించాలి. డాక్టరు చీటీ అడగకుండానే యాంటీబయోటిక్ పంపిస్తామనే చోట అసలు కొనవద్దు.

ఆర్డరు పెట్టేటప్పుడు బ్రాండు పేరుతో పాటు మందు పేరును, మోతాదును కూడా చీటీతో సరిచూసుకోవాలి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ 500 మామూలు మాత్రా, నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ మాత్రా ఒకటి కావు.

కవిటి, సోంపేటలున్న ఈ ఉద్దానం ప్రాంతం వాసులు మరింత జాగ్రత్తపడాలి. ఇక్కడ చాలామందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణమేమిటో ఇంకా పూర్తిగా తేలలేదు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మాత్రం దెబ్బతిన్న కిడ్నీలను మరింత దెబ్బతీస్తాయి. కాబట్టి ఒళ్లు నొప్పులకని వాటిని సొంతంగా తెప్పించుకోకూడదు. కిడ్నీలను బాగుచేస్తామంటూ వాట్సాప్‌లో తిరిగే చూర్ణాల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాటిలో ఏం కలిపారో చెప్పేవారే ఉండరు. మధుమేహం, క్యాన్సర్ నయమవుతాయని మందులకు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ప్రొటీన్ పొడులు, విటమిన్ డబ్బాల వంటి ఆహార ఉత్పత్తుల మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉందేమో చూడాలి.

ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిల్వ ఉంచాలి. మొన్న మే నెలలో మా నాన్నగారికి తెప్పించిన ఇన్సులిన్ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. విప్పి చూస్తే లోపలి ఐస్ ప్యాక్ మొత్తం కరిగి, చేతికి గోరువెచ్చగా తగిలింది. సీసాలో మందు మామూలుగానే కనిపించింది, కానీ వేడికి చెడిన ఇన్సులిన్‌ను చూపుతో పోల్చుకోలేం. వాపసు తీసుకోబోమని అమ్మినవారు తేల్చి చెప్పడంతో దాన్ని పారేశాం. అప్పటినుంచి ఇన్సులిన్ ఒక్కటీ పలాసలోని షాపులో ఫ్రిజ్‌లోంచి తీయించి, ఫ్లాస్కులో తెచ్చుకుంటున్నాం.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయడం మేలు. స్ట్రిప్ మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ బిల్లులోని వాటితో కలవాలి. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే తయారీదారు పేరు, బ్యాచ్, తేదీలు వస్తాయి. అనుమానం వస్తే మందు వాడకుండా జిల్లా ఔషధ తనిఖీ అధికారికి చూపించాలి. మోసపోయి డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, సరుకు విషయంలో పేచీ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. మాత్రలను బ్యాచ్ నంబరు లేని కొస నుంచి చించుకుంటూ వస్తే, ఆఖరి మాత్ర దాకా ఆ నంబరు మీ చేతిలోనే ఉంటుంది.