పాత లారీ డోరుకు ఒకే అద్దం: విప్పే ముందు చూసుకోవాల్సినవి

డోరు ముందు మూలలో ఉండే చిన్న అద్దం, దాని పక్కనే నిలువుగా ఉండే నడిమి కడ్డీ తీసేసి డోరంతా ఒకే అద్దం వేస్తే లుక్కే వేరు. కాకపోతే స్పానర్ పట్టే ముందు కాస్త ఆగండి.

• అద్దం ముందే చేయించొద్దు. టఫెన్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) ఒకసారి తయారైతే ఇక కోయడం, అరగదీయడం కుదరదు. అంచుకు గట్టి దెబ్బ తగిలితే మొత్తం పలుకులై రాలిపోతుంది. ముందు ప్లైవుడ్‌తో నమూనా కోసి, పాత అద్దం మందానికే తెచ్చి, డోరులో పెట్టి హ్యాండిల్ తిప్పి చూడండి. చిత్తూరులో నేను ఎడమ డోరు నమూనాతోనే రెండు అద్దాలూ చేయించా. కుడివైపుది పై మూలలో 3 మిల్లీమీటర్లు పట్టేసింది. డబ్బు పోయింది, ఇంట్లో తిట్లు అదనం. ఏ డోరు కొలత దానిదే.

• నడిమి కడ్డీ అందానికి పెట్టింది కాదు, అద్దానికి దారి అదే. అది తీస్తే ముందువైపు కొత్త చానెల్ (అద్దం జారే గాడి), అందులో ఫెల్టు (మెత్తటి గుడ్డ పట్టీ) కావాలి. రెగ్యులేటర్ (హ్యాండిల్ తిప్పితే అద్దాన్ని పైకీ కిందికీ జరిపే భాగం) పట్టు అద్దం మధ్యకు రాకపోతే అద్దం ఒక పక్కకు వాలి ఇరుక్కుంటుంది.

• ఇంటి కిటికీ అద్దం వద్దే వద్దు. సేఫ్టీ గ్లాసే (టఫెన్డ్ లాంటిది) వేయాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వది ప్రకారం పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలి.

• గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి. డోరు లోపలి రేకు అంచు బ్లేడే.

• డోరు అడుగున నీళ్లు పోయే చిల్లులు పూడుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి.

• తిరుపతి ఎండలో మధ్యాహ్నం రేకు ముట్టుకోలేం. పొద్దున్నే మొదలుపెట్టండి.